అమ్మా, వచ్చేస్తా అంటోంది... ఏం చెప్పను?

కాలేజీలు తెరిచిన నెలా రెండు నెలలకి మాకొచ్చే ఉత్తరాలు మారిపోతాయి. జూన్‌లో ర్యాంకులూ, కౌన్సెలింగ్ ఆప్షన్లూ, ఏ బ్రాంచి మంచిదీ అని అడిగినవాళ్లే సెప్టెంబర్ వచ్చేసరికి "పిల్ల సరిగ్గా తినట్లేదట", "వాడు ఫోన్ ఎత్తట్లేదు" అని రాస్తారు. ఈసారి వచ్చినవాటిలో ఐదింటికి జవాబిస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఇరవై ఏళ్లకు పైగా లెక్చరర్‌గా పనిచేశాను, అందులో తొమ్మిదేళ్లు అమ్మాయిల హాస్టల్‌కి వార్డెన్‌గా ఉన్నాను. చెప్పేదంతా అక్కడ చూసిందీ, అక్కడ నేను చేసిన తప్పుల వల్ల తెలిసిందీ.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి పదో తరగతిలో మండలం ఫస్ట్. ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చిందంటే ఊరంతా సంబరపడ్డారు. చేర్పించి ఆరు వారాలైంది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "అమ్మా, వచ్చేస్తా, ఇక్కడ నా వల్ల కాదు" అని ఏడుస్తోంది. మా ఆయనేమో "నాలుగు రోజులు ఏడిస్తే అదే అలవాటవుతుంది, నువ్వు ఫోన్ ఎత్తకు" అంటున్నారు. నాకు ముద్ద దిగట్లేదు. తీసుకొచ్చేయమంటారా?
- ఒక తల్లి, టెక్కలి దగ్గర పల్లె

చెల్లీ, ఫోన్ ఎత్తడం మాత్రం మానకు. మీ ఆయనది కఠినమని నేననుకోను, ఆ ఏడుపు వింటే తానే బస్సెక్కి వెళ్లి తీసుకొచ్చేస్తానేమోనని ఆయన భయం. కానీ ఫోన్ ఎత్తకపోతే పిల్ల అలవాటు పడదు, చెప్పడం మానేస్తుంది. బయటినుంచి చూస్తే ఆ రెండూ ఒకేలా ఉంటాయి. నేను వార్డెన్‌గా చేరిన మొదటి ఏడాది ఒకమ్మాయి రోజూ నా గదికొచ్చి ఏడ్చేది. ఒకరోజు విసుగొచ్చి "ఇంతమంది ఉండట్లేదా, నీకొక్కదానికేనా ఇల్లు?" అనేశాను. మర్నాటి నుంచి రాలేదు. కుదురుకుందనుకుని సంతోషపడ్డాను కూడా. డిసెంబర్‌లో జ్వరమొస్తే ఆటో ఎక్కించడానికి రెక్క పట్టుకున్నాను, చేతికి ఎముక తగిలింది. రెండు నెలలుగా రాత్రి భోజనం చేయట్లేదని పక్కగది పిల్లలు అప్పుడు చెప్పారు.

మీ అమ్మాయికి పదిహేనేళ్లుంటాయి. ఈ ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు 2008లో మొదలైందే పల్లె పిల్లల కోసం. పదో తరగతి మార్కుల మీద సీటిచ్చి, రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన పీయూసీ, నాలుగేళ్లు ఇంజినీరింగ్, మొత్తం ఆరేళ్ల చదువు. మంచి అవకాశమే, అందులో అనుమానం లేదు. అయితే ఆ క్లాసులో కూర్చున్న దాదాపు ప్రతి పిల్లా వాళ్ల బడిలో ఫస్టేనన్న సంగతి మనకి తట్టదు. నిన్నటిదాకా హెడ్మాస్టరు గారు పదిమంది ముందు పేరు పెట్టి పిలిచి మెచ్చుకున్న పిల్ల, మొదటి పరీక్షలో ముప్పయ్యో స్థానంలో తేలేసరికి బిత్తరపోతుంది. ఊరంతా అంత సంబరపడ్డాక ఆ మాట అమ్మతో ఎలా చెబుతుంది? అందుకని "ఇల్లు గుర్తొస్తోంది" అంటుంది. అదీ అబద్ధం కాదు, కానీ అదొక్కటే కాకపోవచ్చు. "నీకు ఎన్నో ర్యాంకు వచ్చినా నాకూ మీ నాన్నకీ పట్టింపు లేదమ్మా" అని ఒకసారి చెప్పి చూడు. నిజంగా పట్టింపు లేకపోతేనే చెప్పు, పిల్లలకి తెలిసిపోతుంది.

రోజూ సాయంత్రమే ఏడుస్తోందని రాశావు. హాస్టల్లో అన్నిటికంటే పాడు వేళ అదే, క్లాసులైపోయి, స్టడీ అవర్ ఇంకా మొదలవక, ఏమీ తోచని గంటా గంటన్నర. ఇంట్లో అయితే ఆ వేళకి నువ్వు పొయ్యి దగ్గర ఉంటావు, నాన్న పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటారు, అవన్నీ కళ్లముందు కదులుతుంటే ఫోన్లో ఏడుపు తప్ప ఇంకేం వస్తుంది? ఫోన్‌ని రాత్రి భోజనం అయ్యాకకి మార్చు, కుదిరితే పొద్దున్నే క్లాసుకి వెళ్లేముందు ఐదు నిమిషాలు. ఆ సాయంత్రం గంట మాత్రం గదిలో ఉండొద్దని చెప్పు, గ్రౌండుకో, లైబ్రరీకో, పక్కమంచం పిల్లతో కలిసి క్యాంటీన్‌కో, ఎక్కడికైనా సరే. ఫోన్లో "చదువుతున్నావా?" అని అడగొద్దు. ఇవాళ ఏం కూర వేశారు, పక్కమంచం అమ్మాయిది ఏ ఊరు, ఈ వానలకి బట్టలు ఎండుతున్నాయా, ఇలాంటివి అడుగు. ఏడుస్తూ కూడా జవాబు చెప్పగలిగే ప్రశ్నలవి, రెండు జవాబులు చెప్పేసరికి గొంతు సర్దుకుంటుంది.

ఇంకో సంగతి, చిన్నదే గానీ చెప్పాలి. ఒకమ్మాయి వాళ్లమ్మ పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చుకుంది. మిగతావాళ్లవి షాపులో కొన్న రగ్గులు. అది చూసి బొంతని ట్రంకుపెట్టె అడుగున దాచేసింది. రాత్రి రౌండ్‌కి వెళ్లినప్పుడు టార్చి వెలుతురులో చూశాను, పెట్టెని మంచం పక్కకి లాక్కుని, మూత కొంచెం ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి ఆ బొంత అంచు పట్టుకుని నిద్రపోతోంది. తెల్లారాక నేనే పైకి తీయించి పరుపు మీద పరిపించాను. ఎవరూ నవ్వలేదు. దసరా సెలవులయ్యాక ఇంకో ఇద్దరు ఇంటినుంచి బొంతలు తెచ్చుకున్నారు. మీ అమ్మాయి కూడా సిగ్గుపడి ఇంట్లో వదిలేసి వెళ్లిన వస్తువేదో ఉంటుంది, వెతికి పంపించు.

ఇక తీసుకొచ్చేయాలా అంటే, ఇప్పుడే వద్దు. "దసరాకి వస్తావు కదా, ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం, అప్పటికీ కుదరదంటే ఇక్కడ జూనియర్ కాలేజీ ఉంది" అని చెప్పండి, మీ ఆయన నోటితో చెబితే ఇంకా మంచిది. ఉత్తుత్తినే కాదు, అన్న మాట మీద నిలబడాలి. వెనక్కి రావచ్చని తెలిశాక చాలామంది పిల్లలు వెనక్కి రారు, ఇది నేను ఏటా చూశాను. కానీ తిండీ నిద్రా రెండు వారాలకి పైగా పాడైనా, రోజూ ఏడ్చే పిల్ల ఉన్నట్టుండి మాటే మానేసినా, స్నానం మీదా తల దువ్వుకోవడం మీదా కూడా ధ్యాస పోయిందని తెలిసినా, "చచ్చిపోవాలనుంది" అని ఒక్కసారి అన్నా, దసరా దాకా ఆగొద్దు, ఆ పూటే బయలుదేరండి. వార్డెన్‌తో మాట్లాడి, సెలవు రాయించి ఇంటికి తెచ్చుకుని డాక్టర్‌కి చూపించండి. సీటు సంగతి తర్వాత.

ప్రశ్న: మా అబ్బాయి చెన్నైలో బీటెక్ ఫస్టియర్. మూడ్రోజులకోసారి ఫోన్ ఎత్తి "బాగానే ఉన్నా నాన్నా, తర్వాత చేస్తా" అంటాడు. చేయడు. అర్ధరాత్రి రెండింటికి వాట్సాప్‌లో ఆన్‌లైన్‌లో కనిపిస్తాడు. చెడు సావాసాలేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, నెల్లూరు

అన్నయ్య గారూ, మీరు రాసిన దాన్నిబట్టి వాడికి స్నేహితులు దొరికినట్టున్నారు, మొదటి ఏడాది అంతకంటే కావలసింది లేదు. రెండింటిదాకా మెలకువగా ఉండటం ఆ వయసులో అందరూ చేసేదే, మీరు రెండింటికి లేచి వాడి ఆన్‌లైన్ చూడటం మానేయండి, మీ ఆరోగ్యం పాడవుతుంది. ఆదివారం పొద్దున ఒక టైము అనుకోండి, అది తప్పకూడదు, మిగతా రోజులు వాడిష్టం. రోజూ ఫోన్ బదులు ఒక ఫోటో పంపండి, పెరట్లో కాసిన సొరకాయదో, వాడి బండి మీద పడుకున్న పిల్లిదో, వాడే జవాబు పెడతాడు. ఇద్దరు స్నేహితుల నంబర్లు వాడినే అడిగి తీసుకోండి, వాడికి తెలియకుండా సంపాదించొద్దు. డబ్బు ఉన్నట్టుండి ఎక్కువ అడుగుతున్నా, ఆదివారం ఫోన్ కూడా తప్పిస్తున్నా, ఇంటికి రావడం వాయిదా వేస్తున్నా అప్పుడు ఒకసారి వెళ్లి రండి. తనిఖీకి వచ్చినట్టు కాకుండా, వాడిని తీసుకెళ్లి కడుపునిండా భోజనం పెట్టించి రండి, మాటలు ఆ భోజనం దగ్గరే వస్తాయి.

ప్రశ్న: మేడం, మాది వనపర్తి దగ్గర పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌లో చేరాను. క్లాసులో సార్లు ఇంగ్లిష్‌లో చెప్పేది సగం అర్థం కాదు. డౌట్ అడుగుదామంటే నోరు రాదు. నా యాస విని రూమ్మేట్లు నవ్వుతారు. ఫస్ట్ మిడ్‌లో ఒక సబ్జెక్టులో 30కి 6 వచ్చాయి. రెండు వారాలుగా క్లాసుకి వెళ్లట్లేదు, రూమ్‌లోనే పడుకుంటున్నా. అమ్మ సంఘంలో లోన్ తీసి నన్ను చేర్చింది. ఆమెకి ఎలా చెప్పాలి?
- ఒక విద్యార్థి

బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొత్తం తెలుగులో రాశావు, ఒక్క తప్పు లేదు, ఏం జరుగుతోందో వరసగా చెప్పావు. ఇలా చెప్పగలిగినవాడికి చదువు రాదంటే నేను నమ్మను.

ముందు రేపటి సంగతి. రేపు ఫస్ట్ అవర్‌కి వెళ్లి కూర్చో. అర్థం కాకపోయినా సరే. జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీల్లో 75 శాతం హాజరు ఉండాలి, 65 దాకా తగ్గితే సరైన కారణం చూపించి కండోనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు, అంతకన్నా తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. మీ కాలేజీలో లెక్క ఎంతో ఆఫీసులో అడుగు. రెండు వారాలు పోయినంత మాత్రాన ఏమీ మునిగిపోలేదు, కానీ ఇంకో నెల ఇలాగే పడుకుంటే ఇంగ్లిష్‌తో పాటు హాజరు బాధ కూడా వచ్చి పడుతుంది. గదిలో ఎంత సేపుంటే బయటికి రావడం అంత కష్టమవుతుంది, ఇది నీ ఒక్కడి బలహీనత కాదు, ఎవరికైనా అంతే.

ఇప్పుడు ఇంగ్లిష్. నీకు రానిది లెక్క కాదు, లెక్క పేరు. ఇంటర్‌లో నువ్వు అవకలనం చేశావు, ఇక్కడ దాన్నే డిఫరెన్షియేషన్ అంటున్నారు. సమాకలనం ఇంటిగ్రేషన్ అయింది, మాత్రిక మ్యాట్రిక్స్ అయింది, నిర్ధారకం డిటర్మినెంట్, సదిశ వెక్టర్. రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొని, ఎడమవైపు నీకు తెలిసిన తెలుగు మాట, కుడివైపు సారు వాడే మాట రాసుకో. ఒక యూనిట్‌కి ముప్పై నలభై మాటలు మించి ఉండవు. అవి పట్టుబడితే ఆ సారు చెప్పేదంతా విడివిడిగా వినిపించడం మొదలవుతుంది. నా క్లాసులో ఇలా చేసినవాళ్లు రెండో సెమిస్టర్‌కల్లా మామూలుగా రాయగలిగారు. మాట్లాడటానికి ఇంకా టైము పట్టింది, పట్టనీ. పరీక్షకి ముందు జవాబు తెలుగులో చెప్పుకుని, తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా రాయడం ప్రాక్టీస్ చెయ్.

డౌట్ క్లాసులో అడగలేకపోతే క్లాసయ్యాక సారు వెనకే వరండాలోకి వెళ్లి తెలుగులోనే అడుగు. ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెబుతున్నవాళ్లలో చాలామంది నీలాంటి ఊళ్లనుంచి, తెలుగు మీడియం నుంచే వచ్చారు, బోర్డు ముందు ఇంగ్లిష్ మాట్లాడతారే గానీ వరండాలో పాలమూరు యాసలోనే జవాబు చెబుతారు. మొదటిసారి ఒక్కడివే వెళ్లలేకపోతే క్లాసులో చుట్టూ చూడు, వెనక బెంచీలో మౌనంగా కూర్చున్నవాళ్లలో ఇంకో ఇద్దరు ముగ్గురిది నీ కథే అయ్యుంటుంది. అసలు కొత్తగా చేరిన పిల్లలకి మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టమని ఇంజినీరింగ్ కాలేజీల మీద అజమాయిషీ ఉన్న ఏఐసీటీఈ చెప్పింది ఇందుకే, ఇలాంటి బెరుకు పోవడానికి. చాలాచోట్ల దాన్ని రెండు మూడు రోజుల ఉపన్యాసాలతో సరిపెట్టేస్తున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది.

రూమ్మేట్లతో ఒక్కసారి సూటిగా చెప్పు, "మీరు నవ్వితే నాకు బాధగా ఉంది" అని. సగం మందికి తాము బాధపెడుతున్నామన్న స్పృహే ఉండదు, చెబితే ఆపేస్తారు. ఆపకుండా కావాలని వేధిస్తే అది సరదా కాదు, ర్యాగింగే. యూజీసీ 24 గంటల హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది, కాలేజీలో యాంటీ ర్యాగింగ్ కమిటీ కూడా ఉండాలి.

కాలేజీలో కౌన్సెలర్ ఎవరో కనుక్కో. విశాఖపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పిస్తూ, 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ని పెట్టాలని చెప్పింది. అంటే అడగడం నీ హక్కు. తెలిసినవాళ్లతో చెప్పడానికి సిగ్గైతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, పగలూ రాత్రీ ఉంటారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. రెండు వారాలు మంచం మీదినుంచి లేవాలనిపించకపోవడం ఒక్కోసారి బద్ధకమూ కాదు, ఇంగ్లిష్ వల్లా కాదు, మందు అవసరమైన జబ్బు కావచ్చు. అది వాళ్లే చూసి చెబుతారు.

అమ్మకి ఈ ఆదివారమే చెప్పు. అంతా బాగుపడ్డాక చెబుదామని ఆగకు. "అమ్మా, ఇంగ్లిష్ కష్టంగా ఉంది, ఒక పరీక్షలో తక్కువ వచ్చాయి, నేర్చుకుంటున్నా, టైము పడుతుంది" అంటే చాలు. సంఘంలో అప్పు తీసుకుని వాయిదాలు కట్టుకుంటున్న మనిషికి కష్టమంటే ఏంటో నువ్వు విడమర్చి చెప్పక్కర్లేదు. అప్పు ఎంతో గుర్తు చేసుకుంటూ చదవకు, ఆమె అప్పు తీసింది నీ చదువుకి గానీ నీ నిద్ర పోగొట్టడానికి కాదు.

ప్రశ్న: ఇంటర్ అయ్యాక రెండేళ్లు నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్నా ఎంబీబీఎస్ సీటు రాక మా తమ్ముడు గుంటూరులో బీఎస్సీలో చేరాడు, హాస్టల్లో ఉంటాడు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. మొన్న అర్ధరాత్రి "అక్కా, అందరికీ భారమయ్యాను, నేను లేకపోతేనే మంచిది" అని మెసేజ్ పెట్టి డిలీట్ చేశాడు. అడిగితే ఊరికే అన్నా అంటాడు. మళ్లీ కదిలిస్తే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయం.
- ఒక అక్క

ఈ ఈమెయిల్‌కి పత్రిక వచ్చేదాకా ఆగకుండా అందిన గంటలోనే జవాబిచ్చాను. ఇలాంటి మెసేజ్ ఇంకెవరికైనా వస్తే పనికొస్తుందని, ఆ అక్క ఒప్పుకున్నాక ఇక్కడ వేస్తున్నాను.

అమ్మా, వెంటనే ఫోన్ చెయ్. "చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?" అని ఆ మాటతోనే అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగినందుకు మనసు తేలికపడుతుంది. అవునంటే తిట్టొద్దు, అమ్మానాన్నల గురించి ఆలోచించావా అని నిలదీయొద్దు, అప్పటికే భారమయ్యానని కుమిలిపోతున్నాడు. విను. "ఎలా చేద్దామనుకున్నావు?" అని కూడా అడుగు, ఏదైనా అనుకుని ఉంటే ఆ వస్తువు వాడికి అందకుండా తీయించాలి. ఫోన్ పెట్టకుండానే ఇంకో ఫోన్ నుంచి హాస్టల్ వార్డెన్‌కో, గుంటూరులో ఉన్న బంధువులకో చెప్పి మనిషిని వాడి గదికి పంపించు, ఒంటరిగా ఉంచొద్దు. ప్రమాదం ఆ క్షణంలోనే ఉందనిపిస్తే 112. ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం వేయకు.

తర్వాత పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లు, వాడితో పాటు నువ్వూ లోపల కూర్చో. చాలా ఇళ్లల్లో పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి వెళ్లరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు. వైద్యం, సాయం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని కూడా అందులో ఉంది. మధ్యలో ఎప్పుడైనా, నీకు ఏం చేయాలో తోచకపోయినా, 14416.

ఇంకొకటి, ఇంట్లో ఎంబీబీఎస్ సీటొచ్చిన పిల్లల కబుర్లు కొన్నాళ్లు ఆపమని అమ్మకి చెప్పు. లాంగ్‌టర్మ్ పిల్లల్ని నేను దగ్గరగా చూశాను. రెండేళ్లు పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదకొండు దాకా బిట్లు చేసి, ఒక్కసారిగా ఖాళీ దొరికితే వాళ్లకి ఏం చేయాలో తెలియదు, తోటివాళ్లు అప్పటికే రెండేళ్లు ముందుంటారు, కొత్త క్లాసులో అందరూ చిన్నవాళ్లు. వాడికి ముందు కావలసింది విశ్రాంతి.

ప్రశ్న: మా వాడు హాస్టల్లో చేరాక మొదటిసారి దసరా సెలవులకి వస్తున్నాడు. ఏమేం చేసిపెట్టాలో అన్నీ రాసుకున్నా. ఇంకేమైనా జాగ్రత్తలున్నాయా అండీ?
- ఒక అమ్మ, కోదాడ

రెండు రోజులు నిద్రపోనివ్వండి. పగలు పన్నెండింటికి లేచినా ఏమనొద్దు. చుట్టాలకి ముందే ఫోన్ చేసి మార్కులూ ర్యాంకులూ అడగొద్దని చెప్పండి, మొహమాటపడొద్దు. వాడి గదిలో ఈలోగా బియ్యం బస్తాలో, ఇస్త్రీ బల్లో చేరి ఉంటే వాడు వచ్చేముందే తీసేయండి, ఆ మంచం వాడికి ఖాళీగా కనిపించాలి. కాస్త మారి ఉంటాడు, కొత్త మాటలు, కొత్త జుట్టు, టీ అలవాటు, గమనించి ఊరుకోండి. చివరి రోజు మధ్యాహ్నం నుంచి మాట తగ్గుతుంది, చిరాకు పడతాడు, మీ మీద విసుక్కుంటాడు కూడా. అది కోపం కాదు, వెళ్లాలని లేక. పచ్చడి సీసా మూత బిగించి, నూనె కారకుండా కవర్లో చుట్టి బ్యాగులో మీరే పెట్టండి, బస్టాండు దాకా వెళ్లండి, బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడండి. చేరాక ఫోన్ చేయమని చెప్పక్కర్లేదు, ఈసారి చేస్తాడు.